కోపెన్‌హేగెన్‌లో మూడు రోజుల మజిలీ

బెర్లిన్ నుండి కోపెన్‌హేగెన్ వరకు సైకిల్ యాత్రికుల కోసం ఏర్పరచిన మార్గం దాదాపు 650 కిలోమీటర్లు. జర్మనీలోని రోస్టాక్ రేవులో సైకిళ్ళతో సహా ఓడ ఎక్కితే సుమారు రెండు గంటలలో డెన్మార్క్ తీరంలోని గెడ్సర్ చేరవచ్చు. అల్లాహ్ దయవల్ల మేము ఆలుమగలము, పదిహేనేళ్ళ మా అబ్బాయితో కలిసి జూన్ మాసంలో ఈ దారిన ప్రయాణించాము. స్వీడన్ వైపు సాగే ముందు కోపెన్‌హేగెన్‌లో మూడు రోజులు ఆగాము. అక్కడ మాకు ఇద్దరు మిత్రులున్నారు. ఒకరు నొరెబ్రో పేటలో కాపురముంటున్న హైదరాబాదు సోదరుడు. మరొకరు హైదరాబాదులో కొంతకాలం ఉద్యోగం చేసి స్వదేశం వెళ్ళిన డెన్మార్క్ పెద్దమనిషి.

ఈ నగరంలో కార్ల కంటే సైకిళ్ళే ఎక్కువ. ఉదయం వేళ నొరెబ్రో ప్రధాన వీధిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నగర కేంద్రం వైపు తొక్కేవారికి వరుసగా పచ్చదీపాలే ఎదురయ్యేలా కూడళ్ళను అమర్చారు. సామాన్లతో బరువెక్కిన మా సైకిళ్ళు కూడా ఆ ప్రవాహంలో సునాయాసంగా కలిసిపోయాయి. 2014లో ప్రారంభమైన హమద్ బిన్ ఖలీఫా నాగరికతా కేంద్రంలోని మస్జిద్‌లో జొహర్ నమాజు చేసుకున్నాము. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించేసరికి రాత్రి పది గంటలవుతుంది. మగ్రిబ్ కోసం ఎదురుచూస్తూ సోదరుని ఇంట గడిపిన ఆ సుదీర్ఘ సాయంత్రాలు మరపురానివి.

రెండవనాడు డెన్మార్క్ మిత్రుడు ఎంతో ఉత్సాహంతో వచ్చాడు. సైకిళ్ళపై తిరుగుతూ ఒకే సాయంత్రం మూడు బీరు కర్మాగారాలు చూపించాలని ఆయన సంకల్పం. “మీరు తాగనక్కరలేదు, పక్కన కూర్చుంటే చాలు” అన్నాడు. “మద్యం తిరిగే పంక్తిలో కూర్చోవడానికి మా ధర్మం సమ్మతించదు. కానీ మీతో గడపాలనే ఇంత దూరం వచ్చాము. మరోచోటికి తీసుకువెళ్ళండి” అని మృదువుగా చెప్పాము. ఆయన కాసేపు ఆలోచించి, మమ్మల్ని వాల్బీ గుట్ట మీది పాత కార్ల్స్‌బర్గ్ ఆవరణకు తీసుకువెళ్ళాడు.

జె.సి. జాకబ్‌సన్ 1847లో అక్కడ బీరు కర్మాగారం స్థాపించి, దానికి తన కుమారుడు కార్ల్ పేరు పెట్టాడు. 2008లో ప్రధాన ఉత్పత్తి ఫ్రెడరీసియా పట్టణానికి తరలిపోయింది. ఇప్పుడా ఆవరణ ఇళ్ళు, దుకాణాలు ఉన్న పేటగా మారింది. 1901లో కట్టిన ద్వారాన్ని నాలుగు రాతి ఏనుగులు నేటికీ మోస్తున్నాయి. మిత్రుడు ముఖ్యంగా చెప్పదలచినది మాత్రం అక్కడి ప్రయోగశాల గురించి. 1883లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుండి స్వచ్ఛమైన ఈస్టును పెంచే పద్ధతిని కనుగొన్నది అక్కడే. ఆ ఈస్టును పోటీదారులకు కూడా ఉచితంగా ఇచ్చారు. 1909లో సోరెన్సెన్ పీహెచ్ కొలమానాన్ని ప్రవేశపెట్టిందీ అక్కడే. మన రైతుల భూసార పరీక్ష పత్రాలలో కనిపించే పీహెచ్ అదే!

తిరుగు దారిలో మా అబ్బాయి సైకిల్ ఆపి, “అబ్బా, ఇంత మేలు జరిగింది కదా, మరి మద్యం చెడ్డదెలా అవుతుంది?” అని అడిగాడు.

కసిరి ఊరుకోబెట్టవలసిన ప్రశ్న కాదది. మద్యంలో కొంత ప్రయోజనం ఉన్నదని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో కాదనలేదు. పాపమే ఎక్కువని హెచ్చరించింది. ఆ సంగతే వాడికి చెప్పాము. లోకానికి మేలు చేసింది పరిశోధన, దానిని పంచుకున్న ఔదార్యం. అవి గ్లాసులో ఉండవు. పక్కనే ఉన్న డెన్మార్క్ మిత్రుడు మా మాటల అర్థం అడిగి తెలుసుకుని తల ఊపాడు. యూరప్‌లో పిల్లలు చిన్న వయసులోనే తాగుడుకు అలవాటుపడుతున్న దేశాలలో తమదీ ఒకటని, తండ్రిగా తనకూ ఆ దిగులున్నదని చెప్పాడు. మా మధ్య అంతవరకూ రాని మాట అది.

ఆ రాత్రి ఆయన ఇంట భోజనానికి చేపలు, రై రొట్టె, ఎల్డర్ పూల షర్బత్ పెట్టారు. బల్లమీద బీరు సీసా ఒక్కటీ లేదు. ‘వద్దు’ అన్నందుకు స్నేహం చెడుతుందని జంకే యువకులు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. చదువులకు, ఉద్యోగాలకు పరదేశం పోయే బిడ్డలకు సామాన్లతోపాటు ఆ ఒక్క మాటను మర్యాదగా పలకడం కూడా నేర్పి పంపుదాము.