ఎదురు

గడచిన మాఘమాసమున మేము సకుటుంబముగా గుంటూరునుండి పూరీకి కారులో బయలుదేరితిమి. 800 కిలోమీటర్లకు పైబడిన త్రోవ. మా తల్లికి గోదావరీస్నానము చేయవలెనని కోరిక యుండుటచేత మొదటి మజిలీని రాజమహేంద్రవరమున నేర్పరచుకొంటిమి. మా నాయనగారు గతించి అప్పటికి రెండేండ్లు.

ప్రయాణమునకు ముందు మా యింట జరిగిన హడావుడి నంతయు వర్ణించి చదువరుల యోపికను పరీక్షింపము. పులిహోర యెంత కలుపవలెనను విషయమై మా గృహిణికిని మా చెల్లెలికిని జరిగిన చర్చ శాసనసభలో జరిగియుండినచో రెండుదినములు పట్టియుండును. కారు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుటకు మాత్రము మే మొప్పుకొనలేదు. ఇట్టి యాచారములను ఖండించుచు పత్రికలకు వ్రాయువారము; మా గుమ్మమున నవి చెల్లునా? కాయలను మా చేతులతోనే తీసివేసి, ఘనకార్యము చేసినట్లు సంతోషించితిమి.

తెల్లవారుజామున ఐదుగంటలకు సామానులన్నియు ఎక్కించితిమి. ఎదురింటి ముత్తైదువ నీళ్లబిందెతో ఎదురు వచ్చెను. ఆమెను రమ్మన్నవా రెవరో మే మడుగలేదు. అంతలో చూతుముగదా, అమ్మ లేదు. గదిలో లేదు, పెరటిలో లేదు. ఎనిమిదేండ్ల మా కుమార్తె, "నానమ్మ ముందే వెళ్లిపోయింది. వీధి చివర ఉంటానంది" అని చెప్పినది.

కారు మలుపు తిరుగగానే ఆమె కనబడెను. దీపస్తంభము క్రింద, చేతిలో చిన్న సంచితో, మా వైపు చూడక ప్రక్కకు తిరిగి నిలిచియుండెను. డెబ్బదియేండ్ల మనిషి, మోకాళ్లనొప్పులు గలది, చీకటిలో పెరటిసందు వెంబడి నడచిపోయి, కొడుకు ప్రయాణమునకు తా నెదురుపడకుండ నచ్చట కాచుకొనియున్నది! ఆ ప్రయాణము చేయవలసినవారిలో ఆమెయు నొకతె కదా. తలుపు తెరచితిమి. ఎక్కినది. ఎవ్వరమును ఒక్కమాట యాడలేదు.

ఆ మౌనమును గూర్చియే యిది వ్రాయుచున్నాము. ఆమె నెవ్వరును పొమ్మనలేదు, నిజమే. ఉండుమని మాత్ర మెవరనిరి? నిమ్మకాయలను తీసివేసిన చేతులే ఆమె చేయిపట్టి గుమ్మమున నిలుపవలసినది. ఆ పని మాకు తోచనేలేదు. తోచలేదనుటకూడ పూర్తిగా సత్యము కాదు. బిందె యెదురు వచ్చినప్పుడు మా మనస్సున నేదో యొక మూల నెమ్మది కలిగిన మాట దాచనేల?

విజయవాడ, ఏలూరు దాటి, కొవ్వూరునొద్ద 1974లో తెరచిన రైలు-రోడ్డు వంతెనమీదుగా గోదావరిని దాటితిమి. వంతెన పొడవునను అమ్మ నదికి చేతులు జోడించియే యున్నది. పుష్కరఘట్టమున స్నానమైనపిదప, సాయంకాలము కందుకూరి వీరేశలింగము పంతులుగారి జన్మగృహమును చూడబోతిమి. 1880లో పుస్తకముగా వెలువడిన ఆయన నవలలో రాజశేఖరుని కుటుంబముకూడ కాశీయాత్రకని బయలుదేరి ఈ యూరనే దిగినది. ఆ సంగతి చెప్పగా పిల్లలు మిక్కిలి వినోదించిరి.

అమ్మకు మాత్రము వేరొక కథ చెప్పితిమి. వితంతువివాహమును చట్టము 1856లోనే యంగీకరించినను, ఈ పట్టణమున పంతులుగారు మొదటి వివాహము జరిపించుటకు 1881 డిసెంబరు 11 వరకు పట్టినది. ఆ పెండ్లికి వంటవారును నీళ్లవారును రామనగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి వండిపెట్టిరి. అమ్మ శ్రద్ధగా విన్నది. కొంతసేపటికి, "ఎంత పని చేసిందిరా ఆ మహాతల్లి!" అనెను. మరికొంత తడవునకు, "ఆయన పెళ్లిళ్లు చేయించాడు, మంచిదే. నా వయసులో పోగొట్టుకున్నవాళ్ల సంగతేమిటి? ఇవాళ పొద్దున వీధి చివర చలిగా ఉంది" అనెను.

"అయితే ఎందుకు వెళ్లావమ్మా?" అని యప్పటికి అడుగగలిగితిమి.

"దారిలో మీకేమన్నా అయితే నలుగురూ నన్నంటారని కాదు. నన్ను నేనే అనుకుంటానని."

మాకు బదులు తోచలేదు. యుక్తులతో ఖండించుటకు అది వాదము కాదు.

మరునాటి యుదయమున బస ముంగిట సామానులు సర్దినపిమ్మట, "అమ్మా, ఇవాళ నువ్వు ఎదురు రా" అంటిమి. ఆమె తల యడ్డముగా త్రిప్పెను. మా కుమార్తె చేయిపట్టి లాగగా మాత్రము కాదనలేక, మెట్లు దిగి కారు ముందునకు నాలుగడుగులు నడచివచ్చెను. కన్నులు నేలనే యున్నవి. అట్లు నేల చూచుచుండగనే ఆమె ముఖము వెలవెలబోయినది.

"ముందు చక్రం మెత్తగా ఉందిరా. చూశావా, నేను చెప్పలేదూ?"

పంక్చరు వేయువానిని పిలిపించితిమి. అతడు చక్రము నూడదీసి, పట్టకారుతో మేకును లాగి, వెలుతురున త్రిప్పి చూచి, "ఇది నిన్న దారిలో దిగిందండీ. రాత్రంతా మెల్లగా గాలి పోయింది" అని చెప్పెను.

మా కుమార్తె కొంచె మాలోచించి, "నిన్న ఎదురొచ్చింది ఎదురింటి అత్తయ్య కదా, నానమ్మా?" అనెను.

అమ్మకు నవ్వాగలేదు. నోటికి చెంగు అడ్డము పెట్టుకొని, "ఆవిడనేమీ అనకే, పాపం" అని, ముందరి తలుపు తానే తీసికొని కారులో కూర్చుండెను.