పావలా బిళ్లంత వెండి!

చూడ్డానికి మన పాత పావలా బిళ్లంతే. బరువు ఒకటిన్నర గ్రాములుంటే గొప్ప. అంచులు అరిగిపోయి, అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి. అయినా స్కాట్లాండ్ తొలినాళ్ల వెండి పెన్నీ వేలానికి వచ్చిందంటే చాలు, నాణేల ప్రియులు భూతద్దాలు పట్టుకుని వాలిపోతారు.

1136 దాకా స్కాట్లాండ్ రాజులకు సొంత నాణెమే లేదు. ఆ ఏడాది ఒకటో డేవిడ్ కార్లైల్ పట్టణాన్ని గెలుచుకోవడంతో అక్కడి టంకశాలా, దగ్గర్లోని వెండి గనులూ ఆయన చేతికొచ్చాయి. అలా మొదలైంది ఆ దేశపు నాణేల కథ. అప్పట్లో చిల్లర కావాలంటే పెన్నీ వెనకున్న సిలువ గీత వెంబడి కత్తిరించేవారు. సగం ముక్కే అరపెన్నీ అన్నమాట! 1280లో మూడో అలెగ్జాండర్ గుండ్రటి అరపెన్నీలూ పావుపెన్నీలూ తెచ్చాక ఆ తిప్పలు తప్పాయి.

అలెగ్జాండర్ పెన్నీని గుర్తుపట్టడం తేలికే. ఇంగ్లండ్ నాణెం మీద రాజు ఎదురుగా చూస్తుంటే, ఈయన పక్కకు తిరిగి ఉంటాడు. వెనకవైపు సిలువ మూలల్లో నక్షత్రాలు. వాటికి ఎన్ని మొనలున్నాయో లెక్కపెట్టడం సేకర్తలకు భలే సరదా. ఈ పెన్నీలు బాగానే దొరుకుతాయి. 1306 నుంచి 1329 వరకూ ఏలిన రాబర్ట్ బ్రూస్‌వి మాత్రం అరుదు.

ఈ నాణేలకే జీవితాన్ని అంకితం చేసిన పెద్దమనిషి లార్డ్ స్టీవార్ట్‌బీ. ఇరవయ్యేళ్లు వచ్చీరాకముందే, 1955లో, స్కాట్లాండ్ నాణేల మీద పుస్తకం రాశారు. తర్వాత ఎంపీ అయ్యారు, బ్రిటన్ ఆర్థికశాఖలో మంత్రిగానూ చేశారు. సేకరణ మాత్రం ఆపలేదు.

2007లో ఆయన ఇంట్లో దొంగలు పడ్డారు. వెయ్యికి పైగా నాణేలు పోయాయి. ఒక్కో పెన్నీని కరిగిస్తే వచ్చేది చిటికెడు వెండే. ఏది ఏ టంకశాలలో, ఏ అచ్చుతో, దేని తర్వాత కొట్టారో చెప్పే వరసే వాటికి అసలు విలువ. దశాబ్దాలుగా ఒక్కొక్కటీ పేర్చుకుంటూ వచ్చిన ఆ వరస ఒక్కసారిగా తెగిపోయింది.

మరొకరైతే మిగిలినవాటిని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవారేమో! ఆయన మాత్రం వాటిని అందరూ చూసేందుకు 2017లో గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియానికి ఇచ్చేశారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. పోయినవాటిలో కొన్ని ఆ తర్వాత దొరికాయి. అవీ అదే మ్యూజియానికి చేరి, తమ వరసలో తోటి నాణేల పక్కన కూర్చున్నాయి. చూసుకుని మురిసిపోవడానికి ఆయనే లేరు.