వేషాలు మార్చే క్రిమి

పేరేమో సుఖవ్యాధి. మిగిల్చేది మాత్రం దుఃఖం! పాతకాలం వాళ్లు సెగరోగమన్నారు, డాక్టర్లు గనేరియా అంటారు. ఆ మాటెత్తితే ఇంట్లో అందరూ తలలు దించుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా సుమారు 8.2 కోట్ల కొత్త కేసులు. అన్ని తలలు దించుకున్నా అది ఆగలేదు మరి!

1879లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ నైసర్ ఈ క్రిమిని మైక్రోస్కోపులో గుర్తించాడు. అప్పటికాయన వయసు 24 ఏళ్లు. చూడ్డానికి పక్కపక్కన అంటుకున్న రెండు కాఫీ గింజల్లా ఉంటుంది. చేసే పనులు మాత్రం పగటి వేషగాడివి.

ఆటలమ్మ ఒకసారి పోస్తే సాధారణంగా మళ్లీ రాదు. ఆ క్రిమి ఆనవాలు ఒంటికి గుర్తుంటుంది. గనేరియా అలా కాదు, నయమైనా మళ్లీ మళ్లీ రావచ్చు. ఈ క్రిమి ఒంటిమీద నూగులాంటి సన్నని పోగులుంటాయి. వాటితోనే మన కణాలను పట్టుకుంటుంది. ఆ పోగుల్ని తయారుచేయించే జన్యువు ఒకటి పనిచేస్తుంటే, దాని అరకొర నకళ్లు ఎన్నో మూగగా పడి ఉంటాయి. పాత చీరల ముక్కలతో బొంత కుట్టినట్టు, ఆ నకళ్లలోని ముక్కలు పనిచేసే జన్యువులోకి చేరుతుంటాయి. దాంతో పోగు రూపం మారిపోతుంది. పాత ఆనవాలు పట్టుకుని వెతికే యాంటీబాడీలు కొత్త వేషాన్ని పోల్చుకోలేవు. పైపొరలోని మరికొన్ని ప్రొటీన్లనయితే ఈ క్రిమి స్విచ్చు నొక్కినట్టు తెప్పిస్తుంది, ఆపేస్తుంది.

కొన్ని రకాల క్రిములు ఇంకో అడుగు ముందుకేస్తాయి. రక్తంలో కాపలాకాసే ప్రొటీన్లను ఏమార్చి ఒళ్లంతా పాకుతాయి. ఇలా జరిగేది కొద్దిమందిలోనే. చిక్కేమిటంటే, వీళ్లలో చాలామందికి మొదలైన చోట మంటా ఉండదు, స్రావమూ ఉండదు. జ్వరం, మణికట్టులోనో మోకాలిలోనో వాపు, చేతులమీద, కాళ్లమీద నాలుగైదు చీముపొక్కులు... అంతే! ఇంట్లోవాళ్లు వాతమనుకుంటారు, చికున్‌గున్యా అనుకుంటారు. అశ్రద్ధ చేస్తే కీలు పాడవుతుంది. అరుదుగా గుండె కవాటాల దాకా వెళుతుంది.

పక్కన అత్తగారు కూర్చుని ఉంటే, కోడలిని అడగాల్సిన ప్రశ్న అడగడానికి డాక్టరు కూడా మొహమాటపడతారు. జబ్బు భర్త నుంచి వచ్చినా నింద ముందు ఆమె మీదే పడుతుంది. అందుకే ఆమె నోరు విప్పదు. ఒకప్పుడు పెన్సిలిన్‌తో లొంగిన ఈ క్రిమి ఇప్పుడు ఆ మందును లెక్కచేయడం లేదు. అయినా సరైన ఇంజెక్షన్‌తో నయం చేయొచ్చు. భార్యాభర్తలిద్దరూ వైద్యం చేయించుకోవాలి. ఒక్కరే చేయించుకుంటే రెండోవారి నుంచి మళ్లీ అంటుకుంటుంది.

కారణం తెలియని జ్వరంతో కీళ్లు వాచినప్పుడు రోగిని కాసేపు డాక్టరు దగ్గర ఒంటరిగా వదిలి, మిగతావాళ్లు బయట కూర్చుంటే చాలు. సగం వైద్యం అక్కడే మొదలవుతుంది.