సలేశ్వరం దారిలో తొలి మూట

వీపున మూట వేసుకొని, చేత కర్ర పట్టుకొని అడవిలో నడవడం ఈనాటి కుర్రవాళ్లు కనిపెట్టిన వేడుక కాదు. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలో, చైత్ర పూర్ణిమకు జరిగే సలేశ్వరం లింగమయ్య జాతరకు పాలమూరు జనం ఏటా చేసే పని అదే.

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద మన్ననూరు దాటితే ఫర్హాబాద్ వస్తుంది. అక్కడినుంచి రాంపూర్ పెంట దాకా బండ్లు పోతాయి. ఆపైన నాలుగైదు కిలోమీటర్లు కాళ్లే గతి. రాళ్ల మీదుగా లోయలోకి దిగితే, కొండ అంచున దూకే నీటిధార, గుహలో లింగమయ్య, పూజారులుగా చెంచులు.

కొత్తవారికి చిక్కంతా తిరుగుదారిలోనే. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎండలో ఎక్కుడు! ఉదయం దూదిలా ఉన్న మూట మధ్యాహ్నానికి గుదిబండ అవుతుంది. లీటరు నీళ్లంటేనే కిలో బరువు. అయినా నీళ్లు తగ్గించకండి, మిగతావి తగ్గించండి. జొన్నరొట్టెలు, బెల్లం, తువ్వాలు, టార్చిలైటు, పలుచని దుప్పటి చాలు. మూట కట్టుకొని ముందుగా మీ ఊరి గుట్ట ఒకసారి ఎక్కి దిగండి. భుజం నొచ్చితే ఒక వస్తువు తీసేయండి. కొత్త చెప్పులు మాత్రం వద్దు.

ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జాతర రోజుల్లోనే ఈ దారి తెరుస్తారు. తోచినచోట గుడారం వేయడం, పొయ్యి రాజేయడం కూడదు. ముందురోజు రాత్రి మన్ననూరులో పడుకొని, తెల్లవారగానే బయలుదేరి, అటవీశాఖ చెప్పిన వేళకు బయటికి రండి. ఖాళీ సీసాలు మీ మూటలోనే తిరిగి రావాలి. చెంచులకు అది ఇల్లు, మనం చుట్టాలం.