ఒండ్రులోని గోదావరి

పడమటి సముద్రమునకు ఎనుబది కిలోమీటర్ల దూరముననే పుట్టియు, చేరువనున్న ఆ సముద్రమునకు వెన్నుచూపి, 1,465 కిలోమీటర్లు తూర్పుగా నడచి బంగాళాఖాతమును చేరుట గోదావరి స్వభావము. త్ర్యంబకమున బ్రహ్మగిరి మెట్లెక్కిన యాత్రికుడు రాతిసందునుండి జారు నీటిని భక్తితో తలపై చల్లుకొనునే కాని, ఆ నీట తడిసి నిగనిగలాడు నల్లరాతిని అంతగా పరికింపడు. ఇంచుమించు 6.6 కోట్ల ఏండ్లనాడు భూగర్భమునుండి పొంగి, పొరమీద పొరగా గడ్డకట్టిన దక్కను లావాయే ఆ రాయి. శాస్త్రజ్ఞులు దానిని బసాల్టు అందురు. ఎండయు వానయు ఏటేట దానిని కొంచెము కొంచెముగా కొరికి మన్నుచేయుచున్నవి. మరాట్వాడా పొలములలోని నల్లరేగడి ఆ మన్నే. శిలాశైథిల్యమనబడు ఈ నెమ్మది వ్యవసాయమునకు నదియే బండి, సముద్రమే గాదె.

నాసిక దాటి నల్లనేలమీద సాగిన గోదావరిలో ప్రవరానది వచ్చి కలియును. ఆ ప్రవర గట్టుననే, నాలుగువేల ఏండ్లనాటినుండి తామ్రశిలాయుగపు రైతులు కాపురములుండి పంటలు పండించిన దైమాబాదు దిబ్బ కలదు. పిమ్మట శాతవాహనుల ప్రతిష్ఠానమైన పైఠణును, నాందేడును ఒరసికొనుచు వచ్చి, కందకుర్తికడ మంజీరను కలుపుకొని, బాసరలో సరస్వతీదేవి పాదములచెంతకు వచ్చునప్పటికి నదికి నల్లరాతి రాజ్యము దాదాపు ముగియును. అచ్చటినుండి దిగువ 250 కోట్ల ఏండ్లకు పైబడిన నైసు శిలలును, గ్రానైటు గుట్టలును ఎదురగును. కాళేశ్వరమున ప్రాణహిత తెచ్చు నీటిలో ఈ రెండు రాజ్యముల మన్నును కలిసియుండును.

ఈ లోయలోనే సింగరేణి బొగ్గుపొరల అడుగున ఒక వింత పొర దాగియున్నది. తాల్చేరు స్తరమని పేర్కొనబడు ఆ పొరలో, పచ్చని మెత్తని మన్నునడుమ చిన్నవియు పెద్దవియునగు బండరాళ్లు క్రమము లేక ఇరుక్కొనియుండును. వానిలో కొన్నిటి చెక్కిళ్లు అరగదీసినట్లు చదునై, గోటితో గీరినట్లు చారలుపడి యుండును. రాతిని అట్లు చెక్కునది మంచు. దాదాపు 30 కోట్ల ఏండ్లనాడు ఈ భూఖండము దక్షిణధ్రువమునకు దాపున నున్నప్పుడు, హిమానీనదములు మోసితెచ్చి వదలిన రాళ్లవి. వేసవిలో నిప్పులు చెరుగు రామగుండము సీమకు నేలలోతున ఇట్టి మంచుచరిత్ర కలదని ఎవరనుకొందురు?

ఇంద్రావతిని, శబరిని చేర్చుకొని, పాపికొండల ఇరుకున వడివడిగా దూరి, రాజమహేంద్రవరముకడ విశాలమై, ధవళేశ్వరమున కాటను దొర ఆనకట్టను దాటి, గౌతమీ వసిష్ఠాది శాఖలుగా చీలు గోదావరి, వరదనాళ్లలో ఎఱ్ఱని ఒండ్రును మోసికొనిపోవును. ఆ ఒండ్రును గుప్పెడు తీసి, ఇందు త్ర్యంబకపు రేణువేది, శబరి రేణువేది యని అడిగిన, కంటికిగాని చేతికిగాని జవాబు దొరకదు. దానిని చెప్పగల సాక్షులు పరమాణువులు.

ఒకే మూలకమునకు చెందియు భారమున భేదించు పరమాణువులకు 1913లో ఫ్రెడరిక్ సాడీ ఐసోటోపులని పేరు పెట్టెను. సమేరియం 147 అనునది తనంత తాను క్షయించి నియోడిమియం 143గా మారును. అందు సగము మారుటకు 10,600 కోట్ల ఏండ్లు పట్టును. భూమిపెంకు లోపలి పదార్థమునుండి వేరుపడునాడు సమేరియంకంటె నియోడిమియం అధికపాలుగా పెంకును చేరుటచే, అతిప్రాచీనమైన నైసులో నియోడిమియం 144తో పోల్చిన 143 వంతు తక్కువగా నుండును. భూగర్భమునుండి మొన్నమొన్న వచ్చిన దక్కను లావాలో ఎక్కువగా నుండును. రాయి పిండియైనను, పిండి బురదయైనను, బురద వేయి మైళ్లు కొట్టుకొనిపోయినను ఆ నిష్పత్తి చెక్కుచెదరదు.

2006లో జాయిడిస్ రిజల్యూషన్ అను నౌక, సముద్రగర్భపు మీథేను వాయువును వెదకుచు, గోదావరి ముఖమునకు ఎదుట 1,268 మీటర్ల నీటిలోతున అడుగును తొలిచి ఒండ్రుస్తంభమును వెలికితీసెను. అందలి పైభాగము ఇటీవలి 11,000 ఏండ్ల కథ. లివియు జోసాన్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆ మన్నును కొలువగా, సుమారు నాలుగువేల ఏండ్లనుండి ఒండ్రు రాక పెరుగుటయు, అందు నల్లరాతి దేశపు పాలు హెచ్చుటయు కానవచ్చినవి. అదే మన్నులోని ఆకుమైనపు కర్బన ఐసోటోపులు, నాలుగువేల ఏండ్లనాడు ఒకమారును, 1,700 ఏండ్లనాడు మరియొకమారును, జొన్నసజ్జల కోవకు చెందిన మెట్టమొక్కలు అధికమై దేశము ఎండినదని తెలుపుచున్నవి. వాన తగ్గి పచ్చిక పలుచనగుటయు, నాగలి తగిలి నేల వదులగుటయు కలిసి రేగడిని నదిపాలు చేసినవని వారి ఊహ.

ఆ మన్నులోనే ఆవగింజకంటె చిన్నవియగు ఫొరామినిఫెరా గుల్లలు కలవు. తేలికయైన ఆక్సిజను 16 గల నీరు సులువుగా ఆవిరియై, ధ్రువములకడ మంచై నిలిచిపోవగా, సముద్రమున బరువైన 18 వంతు మిగులును. గుల్ల దానినే తన సున్నమున పొదుగుకొనును. 1955లో ఎమిలియాని అను శాస్త్రజ్ఞుడు ఈ గుల్లలలో ప్రధానముగా వేడిచలువలను చదివెను. 1967లో షాకిల్టన్ అందు మంచుకొలత ముఖ్యమని చూపెను. ఇరువదివేల ఏండ్లనాడు సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువనుండుట ఆ మంచు చేసిన పనియే. గోదావరి ముంగిట మాత్రము వరదనీరును అందు కలియుటచే, మంచుపాలును వానపాలును వేరుచేసి చదువవలసియుండును.

నేడు పైఠణుకడ జాయక్‌వాడియు, పోచంపాడుకడ శ్రీరామసాగరమును ఆ రేగడిని దారిలోనే పట్టి నిలుపుచున్నవి. సముద్రమునకు చేరు ఒండ్రు తగ్గి, కోనసీమ తీరము అచ్చటచ్చట కోతపడుచున్నది. వేయేండ్లకు ఎవరైన అదే చోట మరల తొలిచినచో, మన కాలపు పొర పలుచనై కానవచ్చును. గాదెలో గింజ తగ్గినప్పుడు, బండి యెచ్చట నిలిచినదో చెప్పుటకును ఆ మన్నే సాక్షి.