బీఎండబ్ల్యూ నుంచి మా బాబాయి కొట్టు దాకా

మా బాబాయికి గుంటూరులో ఫ్రిజ్జులు, ఏసీలు రిపేరు చేసే కొట్టుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేర్చుకున్న హెచ్‌టీఎంఎల్ ఎక్కడో ఒకచోట వాడాలన్న దురదతో ఆయనకో చిన్న వెబ్‌సైటు చేసిపెట్టా. నాలుగు పేజీలు, ఒక ఫోను నంబరు, కొట్టు ముందు ఆయన నిలబడ్డ ఫొటో. అంతే. గూగులమ్మ దయవల్ల గుంటూరులో ఏసీ రిపేరు అని వెదికితే చాలా ఏళ్ళు ఆయన సైటే ముందొచ్చేది. ఎండలు మొదలైతే ఆయన ఫోను ఆగేది కాదు. 2017 వేసవిలో ఒకరోజు ఆయనే ఫోన్ చేసి, "ఏరా, మన కొట్టు గూగుల్లో కనపడట్లేదంట. ఏం చేశావురా?" అన్నాడు.

ఏం చేశానో నాకు తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తా. ముందు కాస్త పాత కథలు.

2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ వాళ్ళ జర్మనీ సైటుని గూగుల్ తన జాబితాలోంచి తీసి పారేసింది. వాళ్ళు చేసిన ఘనకార్యం ఏమిటంటే, జర్మన్ భాషలో సెకండ్ హ్యాండ్ కారుకి ఉన్న మాటని పదే పదే కుక్కి కొన్ని పేజీలు తయారుచేశారు. గూగుల్ బాటుకి ఆ పేజీలు కనిపిస్తాయి. మామూలు మనిషి ఆ లింకు నొక్కితే మాత్రం జావాస్క్రిప్టు రీడైరెక్టుతో నిగనిగలాడే కార్ల బొమ్మల పేజీకి వెళ్ళిపోతాడు. అప్పట్లో బాటు జావాస్క్రిప్టుని పట్టించుకునేది కాదు మరి. వీటినే డోర్‌వే పేజీలంటారు. గూగుల్లో స్పామ్ పని చూసే మ్యాట్ కట్స్ ఈ విషయం తన బ్లాగులో బాహాటంగా రాశాడు. బీఎండబ్ల్యూ ఆ పేజీలు తీసేసింది, కొద్దిరోజుల్లోనే మళ్ళీ జాబితాలోకి వచ్చేసింది.

ఇది చదివినప్పుడు నాకొచ్చిన అనుమానం ఒకటే. బీఎండబ్ల్యూకి ఈ ఖర్మేంటి? ఆ పేరు తెలియని జర్మన్ ఎవడుంటాడు? తర్వాత అర్థమైంది. బీఎండబ్ల్యూ అని కొట్టేవాడు ఎలాగూ వాళ్ళ దగ్గరికే వస్తాడు. వాళ్ళకి కావల్సింది ఉత్తి "పాత కారు" అని కొట్టేవాడు. పెద్ద బ్రాండ్ల ఎస్‌ఈఓ అంతా ఇక్కడే ఉంది. తమ పేరు లేని మాటల కోసమే వాళ్ళ తాపత్రయం.

2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన జేసీ పెన్నీ కథా ఇదే. అమెరికాలో పెద్ద డిపార్ట్‌మెంటు స్టోరు అది. గౌన్లు, దుప్పట్లు, తివాచీలు, ఏది వెదికినా కొన్ని నెలలపాటు వాళ్ళే మొదట. ఆఖరికి శాంసొనైట్ సూట్‌కేసు అని వెదికినా శాంసొనైట్ కంటే పైన వీళ్ళే! తీరా చూస్తే, ఏ సంబంధమూ లేని వందలాది సైట్లలో వీళ్ళకి లింకులు ఉన్నాయి. గూగుల్ చేత్తో కిందకి తోసింది. సాయంత్రం ఏడింటికి మొదటి స్థానంలో ఉన్న సూట్‌కేసు రెండు గంటల్లో 71కి పడింది. కంపెనీ ఏమో మాకేమీ తెలీదంటూ ఎస్‌ఈఓ కన్సల్టెంటుని పీకేసింది. క్లయింటు సైడు పనిచేసినవాళ్ళకి ఈ డైలాగు కొత్తేమీ కాదు :)

అన్నిటికంటే నాకు నచ్చినది మాత్రం 2012 జనవరి ముచ్చట. గూగుల్ క్రోమ్ ప్రచారం కోసం డబ్బులిచ్చి రాయించిన పోస్టుల్లో అసలు క్రోమ్ పేజీకే లింకు దొరికింది. దాంతో గూగుల్ తన పేజీని తానే కనీసం 60 రోజులపాటు కిందకి దించుకుంది. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందట. అయితే ఈ అత్త కనీసం లెంపలేసుకుంది.

2013లో బ్రిటన్‌లో పూలమ్మే ఇంటర్‌ఫ్లోరాకీ ఇలాంటి శిక్షే పడింది, 11 రోజుల్లో తిరిగొచ్చింది, మదర్స్ డే అమ్మకాలకి ముందే. ఇంత తొందరగా ఎలా వస్తారంటే, నాకు తోచింది ఇది: బీఎండబ్ల్యూ అని కొడితే బీఎండబ్ల్యూ రాకపోతే జనం తిట్టేది బీఎండబ్ల్యూని కాదు, గూగుల్‌ని. మా బాబాయి కొట్టు రాకపోతే తిట్టేది మా బాబాయి ఒక్కడే.

ఇక నా సంగతి. అప్పట్లో మా ప్రాజెక్టు క్లయింటు ఇంటి సర్వీసులు అమ్మే ఒక పెద్ద బ్రాండు. పేరొద్దులెండి. నెలకోసారి ఎస్‌ఈఓ ఏజెన్సీ వాళ్ళు స్లైడ్లు పట్టుకొచ్చేవాళ్ళు. నిజం చెప్పాలంటే మొదటి స్లైడు ఎప్పుడూ సరైనదే. ఒకే పేజీకి నాలుగు యూఆర్ఎల్‌లు ఉన్నాయి, రీడైరెక్టులు గొలుసు కట్టాయి, మొబైల్లో పేజీ తెరుచుకోవడానికి యుగం పడుతోంది, ఇవి బాగుచేయండి అని. అన్నిటికీ టికెట్లు తెరిచాం. అవి బ్యాక్‌లాగ్‌లోనే ముసలివైపోయాయి. ఒకసారి స్టేజింగ్ సర్వర్లో ఉండాల్సిన రోబోట్స్ ఫైలు ప్రొడక్షన్‌కి ఎక్కి, సైటు మొత్తానికి బాటుని రావద్దని చెప్పేసింది. ఐదు రోజులు ఎవడూ చూడలా. మార్చాల్సింది ఒక్క లైను, దానికి అప్రూవల్ రావడానికి ఇంకో రెండు రోజులు.

ఇలాంటివి బాగుచేస్తే ఎన్ని రూపాయలొస్తాయో ఎవడూ చెప్పలేడు, అందుకని ఎవడూ చెయ్యనివ్వడు. ఆఖరి స్లైడులో ఉండే ఊళ్ళ పేజీలకి మాత్రం వెంటనే డబ్బులు దొరికేవి. ఒక టెంప్లేటు, ఒక ఎక్సెల్ షీటు నిండా ఊళ్ళ పేర్లు. ఫలానా ఊళ్ళో నమ్మకమైన ఏసీ సర్వీసు అంటూ ఊరి పేరు మార్చుకుంటూ పోవడమే. రెండు వారాల పని, వందల పేజీలు. ఒకచోట ఊరి పేరు పడాల్సిన చోట వేరియబుల్ పేరే పడిపోయింది. కొన్నాళ్ళు ఆ పేజీక్కూడా జనం వచ్చారు!

డోర్‌వే పేజీల మీద ఇంకా గట్టిగా ఉంటామని 2015 మార్చిలోనే గూగుల్ చెప్పింది కదా అని మీటింగులో అడిగా. "డోర్‌వే కాదండీ, లొకేషన్ పేజీలు" అన్నాడు ఏజెన్సీ కుర్రాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఆ షీటులో గుంటూరు ఉంది. చూశా. చూసి కూడా స్క్రిప్టు నడిపా. అక్కడ ఆ కంపెనీకి ఒక్క మెకానిక్కూ లేడని నాకు తెలుసు.

రెండు నెలలు తిరక్కుండా బాబాయి ఫోను. నాలుగు పేజీల సైటు ఎక్కడ, దేశమంతా లింకులున్న బ్రాండు ఎక్కడ!

ఫోన్లో ముందు అల్గారిదం మారిందని ఏదో చెప్పబోయా. నోరు రాలేదు. ఆ పేజీ రాసింది నేనేనని చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అదా సంగతి. అందుకేనా ఆ కంపెనీ కాల్ సెంటరు వాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు" అన్నాడు.

నాకు అర్థం కాలా. "వాళ్ళు నీకెందుకు చేస్తారు బాబాయ్?"

"ఇక్కడ వాళ్ళకి మనిషి లేడు కదరా. బ్రాడీపేటలో ఒకావిడ ఏసీ కోసం వాళ్ళకి చేసిందట, వాళ్ళు నాకు చేశారు. వెళ్ళి చూస్తే ఎప్పట్నుంచో మన కస్టమరే. నువ్వేంటయ్యా వచ్చావంది. చేసి ఇచ్చా. వచ్చినదాంట్లో పావలా వంతు వాళ్ళు పట్టుకున్నారు."

ఆ వారాంతం గుంటూరు వెళ్ళి, గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు వివరాలు సరిచేసి, కొత్త ఫొటోలు ఎక్కించి, పాత కస్టమర్లందరినీ రివ్యూలు రాయమని బతిమాలించా. మ్యాప్ పెట్టెలో దగ్గర్లో ఉన్న కొట్టుకి కాస్త మొగ్గుంటుంది కాబట్టి ఫోన్లు కొన్ని వెనక్కొచ్చాయి, అన్నీ రాలా. 2024లో గూగుల్ పెద్ద సైట్ల పేరుని అరువిచ్చి కూపన్ల పేజీలు నడిపే వ్యాపారం మీద పడింది, మంచిదే. ఊళ్ళ పేజీల జోలికి మాత్రం అంతగా వచ్చినట్టు లేదు. మొన్న చూశా, గుంటూరు పేజీ అలాగే ఉంది. సోర్సు తెరిస్తే పైన కామెంటులో నేను రాసిన తేదీ కూడా ఉంది. బాబాయికి మాత్రం ఇప్పటికీ ఎండాకాలంలో ఆ కాల్ సెంటరు నుంచి ఫోనొస్తుంది. తీస్తాడు. ఏసీ పాడైన మనిషి ఏం పాపం చేసింది అంటాడు.