సిఫారసు లేని చదువు

మా వదిన డిగ్రీ చదువుతానన్న రోజున నేను నవ్వాను. ఆ నవ్వు నన్ను ఇన్నేళ్ళూ వదలలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

అది 1984వ సంవత్సరం. కాశిబుగ్గలో మాది పాత పెంకుటిల్లు. అన్నయ్య ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తా. వదిన ఐదో తరగతితో బడి మాని, పదహారో ఏట మా ఇంట కాలుపెట్టింది. ముప్పై దాటి, ఇద్దరు పిల్లల తల్లయ్యాక, పక్కింటివారి పేపరులో ఒక ప్రకటన చూసింది. చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా, అర్హత పరీక్ష రాసి ప్యాసయితే డిగ్రీలో చేరవచ్చునట!

నేనప్పుడు బి.కాం. ప్యాసయి ఉద్యోగం వేటలో ఉన్నాను. లోకం నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

“పదో తరగతే లేనివాళ్ళకు డిగ్రీ ఎవరిస్తారు వదినా? ఎవరినైనా పట్టుకోవాలి. నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. యాభై రూపాయలిస్తే పని చేసిపెడతాడు” అన్నాను.

“పట్టుకునుడెందుకయ్యా? పరీక్ష రాయమన్నరు, రాస్త. వస్తే వస్తది, లేకుంటే లేదు” అంది వదిన, బియ్యంలో రాళ్ళేరుతూ.

రాసింది. వచ్చింది కూడాను! ఆ యాభై రూపాయలూ మిగిలాయి.

ఆ చదువుల తలుపు తెరిచిన పెద్దమనిషిని గురించి నాకు చాలా ఏళ్ళకుగాని తెలియలేదు. ఆయన ఆచార్య జి. రాంరెడ్డిగారు. 1929లో మన పక్కనున్న కరీంనగరు జిల్లాలో ఒక పల్లెటూళ్ళో పుట్టారు. ఉస్మానియాలో ఆచార్యులై, పంచాయతీరాజ్ పల్లెల్లో ఎలా నడుస్తున్నదీ, ఓటరు దాన్ని ఎలా చూస్తున్నదీ పరిశోధించారు. 1977లో ఉస్మానియాకు ఉపకులపతి అయ్యారు. బ్రిటనులో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ ఇంట కూర్చున్నవారికి డిగ్రీలిస్తున్న రోజులవి. 1982 ఆగస్టులో మన దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలిసింది. దానికి తొలి ఉపకులపతి రాంరెడ్డిగారే. 1991 నుంచి దానికి అంబేడ్కరుగారి పేరు.

ఆయన చేసిన మరో పని విని నేను ఉలిక్కిపడ్డాను. 1985లో ఆయనా, ఆచార్య హరగోపాల్‌గారూ కలిసి ‘ఏషియన్ సర్వే’ అనే అమెరికా పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఇంగ్లీషు వ్యాసమే అయినా దాని పేరులో మన ఇంటి మాట ఒకటి ఉంది: పైరవీకారు! పల్లెటూరి మనిషికీ సర్కారు కచేరీకీ నడుమ నిలబడి పనులు చక్కబెట్టే మధ్యవర్తి కథ అది. నేను యాభై రూపాయలకు కుదర్చబోయిన ‘తెలిసిన ఒకాయన’ అచ్చంగా ఆ జాతివాడే.

ఆ 1985లోనే ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికీ తొలి ఉపకులపతి రాంరెడ్డిగారే. 1987లో అది పాఠాలు మొదలుపెట్టినప్పుడు రెండే రెండు కోర్సులు, 4,528 మంది విద్యార్థులు. తర్వాత కెనడాలోని వాంకూవరులో, కామన్వెల్తు దేశాలకు దూరవిద్యలో సాయపడే సంస్థకు ఉపాధ్యక్షులుగా వెళ్ళారు. తిరిగివచ్చి 1991లో యూజీసీ అధ్యక్షులయ్యారు. 1995లో లండనులో కన్నుమూశారు. పైరవీకారు అవసరం ఎందుకొస్తుందో చదివిన మనిషి, ఆ అవసరం లేని ఒక గడపను కట్టి చూపించారని నాకనిపిస్తుంది.

గడప దాటినంత మాత్రాన దారి సులువు కాదు లెండి. ఆదివారాలు హనుమకొండలో తరగతులు. తెల్లవారుజామునే వంట ముగించి, టిఫిను డబ్బా సంచిలో వేసుకుని వదిన బస్సెక్కేది. “ఈ వయసుల కలెక్టరయితవా?” అని అమ్మ సణిగేది. వాడకట్టులో ‘పోస్టు డిగ్రీ’ అని వెక్కిరింత. ఇంగ్లీషు రెండుసార్లు తప్పింది. ఆ రాత్రి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. పొద్దున్నే మళ్ళీ పుస్తకం తెరిచింది. మూడేళ్ళ చదువు ఆరేళ్ళు పట్టింది. 1990లో బి.ఏ. అయ్యేసరికి సర్కారు కొలువుకు వయసు దాటింది.

“మరి ఏం లాభం?” అని అడిగేవారికి నేను మా ఇంటి అరుగు చూపించేవాణ్ణి. పింఛను కాగితాలు, రేషను కార్డు అర్జీలు పట్టుకుని కొత్తవాడ నేతవాళ్ళ ఆడవాళ్ళు సాయంత్రాలు అక్కడికి చేరేవారు. వదిన అర్జీ రాసి, పైకి చదివి వినిపించి, ఏ కచేరీలో ఎవరికివ్వాలో చెప్పి పంపేది.

“ఎంతియ్యాలమ్మా?” అనేవాళ్ళు.

“ఏమొద్దు. నీ పేరు రాసుడు నేర్చుకో. వచ్చే సారి ఏలుముద్ర వద్దు” అనేది.

చివరిగా ఒక మాట ఒప్పుకోవాలి. నా ఉద్యోగం నాకు ఒకరిని పట్టుకుంటేనే వచ్చింది. వదిన డిగ్రీకి మాత్రం ఎవరి సిఫారసూ లేదు. మా ఇంట్లో అలా సంపాదించుకున్న కాగితం అదొక్కటే.